కొట్టేసినా కనబడాలి

4వ తేదీ, బుధవారం

ల్యాబ్ రిజిస్టర్‌లో అభిప్రాయాలు రాయకూడదు. అంకె, తేదీ, సంతకం. అంతే. ఇరవై రెండేళ్ళుగా అలాగే రాస్తున్నాను. అందుకే ఇవాళ ఈ నోటుబుక్కు కొనుక్కొచ్చాను. నా నోరు ఊరుకునే రకం కాదు, ఎక్కడో ఒకచోట వాగాలి. ఇంట్లో వాగితే ఆయన టీవీ సౌండు పెంచుతాడు.

సంగతేమిటంటే నాలుగు కంపెనీల కిట్లు వచ్చాయి. నాలుగూ రక్తంలో ఫైబ్రినోజెన్ ఎంతుందో చెప్పేవే. రక్తం గడ్డకట్టాలంటే ఆ ప్రోటీన్ ఉండాలి. కాన్పయిన మనిషికి రక్తం ఆగకపోతే డాక్టర్లు మొదట అడిగే అంకె అదే. రెండు వందలకు తగ్గితే ప్రమాదం. తీరా చూస్తే ఒకే రక్తానికి ఒక కిట్టు ఒక అంకె చెబుతుంది, ఇంకో కిట్టు ఇంకొకటి చెబుతుంది. కొట్టుకో తూకంరాయి అన్నమాట. నాలుగింటికీ ఒకే ప్లాస్మా, అంటే కణాలు తీసేసిన రక్తం, ఇచ్చి ఎవరి తూకం సరైనదో తేల్చాలి. తేలిన కిట్లే చిన్నా పెద్దా ఆసుపత్రులన్నిటికీ వెళ్తాయి. తేల్చాల్సింది నేను.

డబ్బాల రంగును బట్టి పిలుచుకుంటున్నాం. ఎర్ర, నీలం, తెల్ల, పచ్చ. పచ్చ డబ్బా మాస్టారిది. నాకు పిపెట్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. రిటైరయ్యాక రెండు గదుల్లో ఆరుగురు మనుషులను పెట్టుకుని ఈ కిట్టు తయారు చేస్తున్నారు. పెద్ద యంత్రం అక్కర్లేదు, పది నిమిషాల్లో అంకె చెబుతుంది. చెల్లి నర్సుగా పనిచేసే చిన్న ఆసుపత్రిలో ఉన్నది అదొక్కటే. నాకు పక్షపాతం ఉందని ఎవరైనా అనొచ్చు. ఉంది. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాలి.

రేపు పదకొండింటికి విభాగం అధిపతి పోస్టుకు ఇంటర్వ్యూ. కిట్ల పరీక్షకు ప్లాస్మా సీసాలు నింపాల్సింది కూడా రేపే. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన సంచుల్లో ఉంటుంది అది. ప్లాస్మా సంచులు కరగడానికి పెట్టి వచ్చాను. ఇక చదువుకోవాలి.


5, గురువారం

సంచులన్నీ ఒకే జాడీలో కలిపి నింపాను. కిట్టుకొక స్టాండు, స్టాండుకు పాతిక చొప్పున వంద సీసాలు, ఇవి కాక స్టాండుకు ఐదు మిగులు సీసాలు. ఎర్ర స్టాండుతో మొదలుపెట్టి పచ్చ స్టాండుతో ముగించేసరికి పదీ యాభై. పదకొండింటికల్లా చేతులు కడుక్కుని, జుట్టు సరిచేసుకుని ఇంటర్వ్యూలో ఉన్నాను. ఇంత వేగంగా ఈ ల్యాబ్‌లో ఇంకెవరూ నింపలేరు.

ఇంటర్వ్యూలో ఒకాయన "మీలో లోపం ఏమిటి?" అని అడిగాడు. "మా ఆయన్ని పిలిపిస్తే జాబితా ఇస్తాడు" అన్నాను. నవ్వారు. పెద్ద మేడమ్ కూడా నవ్వింది. ఆవిడ మా డైరెక్టరు. ఆవిడ పళ్ళు కనబడడం ఈ ఏడాదిలో ఇది రెండోసారి.

మధ్యాహ్నం రిజిస్టర్‌లో ఉండే ఫారం నింపాను. కరిగించిన ఉష్ణోగ్రత: 37. ఎప్పుడూ రాసేదే.


6, శుక్రవారం

సీసాలన్నీ ఫ్రీజర్‌లో ఉన్నాయి. రాయడానికేమీ లేదు.


10, మంగళవారం

కళ్ళజోడు లెక్కలు తెచ్చాడు. కళ్ళజోడంటే మా దగ్గర అంకెల పని చూసే అతను. అద్దాలు తీస్తే గోడను పలకరిస్తాడు. కాగితం నా ముందు పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఎర్ర నూట అరవై ఎనిమిది మేడం. నీలం నూట డెబ్బై ఒకటి. తెల్ల నూట డెబ్బై ఆరు."

"బానే ఉన్నాయిగా. పచ్చ?"

"రెండు వందల ముప్ఫై ఒకటి."

"మళ్ళీ చూడు."

"మూడుసార్లు చూశా మేడం. పాతిక సీసాలదీ అదే వరస. చివరి సీసాల్లో ఇంకాస్త ఎక్కువే ఉంది."

కాగితం లాక్కుని నేనే చూశాను. మూడు డబ్బాలు ప్రమాదం అంటున్న ప్లాస్మాను పచ్చ డబ్బా ఫర్వాలేదు అంటోంది. తక్కువ చూపించే కిట్టుతో ఒక అనవసరపు సంచి ఎక్కిస్తారు, అంతే. ఎక్కువ చూపించే కిట్టు రక్తం పోతున్న మనిషి పక్కన నిలబడి కంగారు పడకండి అంటుంది. అలాంటి కిట్టు ఆసుపత్రిలో ఉండకూడదు.

మాస్టారికి వయసు మీద పడింది. రెండు గదులు, ఆరుగురు మనుషులు. ఎక్కడో చెయ్యి జారి ఉంటుంది. పాపం.


11, బుధవారం

మూడు కిట్లు ఒక మాట, నాలుగోది ఇంకో మాట. ఎవరిది తప్పో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

నా వైపు నుంచి లోపం లేదు. ఇరవై రెండేళ్ళలో నా చేతిపని మీద ఒక్క మాట రాలేదు. నా వైపు నుంచి లోపం లేదు.

ఒకే మాట రెండుసార్లు రాశాను.


12, గురువారం

పొద్దున మీటింగు. పెద్ద మేడమ్ కాగితం తిప్పుతూ మాటవరసకే అడిగింది: "ప్లాస్మా ఎవరు కరిగించారు? ఎవరు నింపారు?"

"రెండూ నేనే మేడమ్."

"అయితే ఇక దిగులు లేదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను నిజంగానే కోటు భుజం దులుపుకున్నాను. ఎవరూ చూడలేదు. తేలేదాకా పచ్చ డబ్బా వాడకం ఆపమని ఆసుపత్రులన్నిటికీ కాగితం వెళ్ళింది. కింద సంతకం నాది.

మధ్యాహ్నం మాస్టారే వచ్చారు, తన కాపీ తీసుకోవడానికి. చొక్కా మోచేతి దగ్గర రంగునీళ్ళ మరక. ఆ మరక లేని చొక్కా ఆయన దగ్గర నేనెప్పుడూ చూడలేదు.

"ఏం అమ్మాయ్, నా కిట్టు అబద్ధాలాడుతోందట?"

"కూర్చోండి మాస్టారూ."

"కూర్చుంటే మోకాళ్ళు లేవనివ్వవు." నిలబడే కాగితమంతా చదివారు. నాలుగంకెల దగ్గర చాలాసేపు ఆగారు. "నా కిట్టు తప్పయితే తప్పే. నేనే మూసేస్తా. ఆ ఆరుగురికీ వేరే పని చూసుకోమని చెప్తా. ఒక్క కాగితం మాత్రం ఇప్పించు. కరిగించిన ఫారం కాపీ."

ఇచ్చాను. 37 మీద బొటనవేలు పెట్టి అడిగారు. "ఇది నువ్వు రాసిందేగా?"

"నేనే."

"అయితే నిజమే" అని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

నమ్మి వెళ్ళారు. అనుమానపడి వెళ్ళినా బాగుండేది.

నేను కొత్తగా చేరినప్పుడు రిజిస్టర్‌లో తప్పంకె పడితే తెల్ల ఇంకు పూసి పైన రాశాను. మాస్టారు ఆ పేజీ దీపానికి ఎదురుగా పట్టుకుని నన్ను పిలిచారు. "తప్పు రాయడం తప్పు కాదు. తప్పు కనబడకుండా చెయ్యడం తప్పు. ఒక్క గీత కొట్టు. కొట్టేసినా కనబడాలి. పక్కన సరైనది రాసి సంతకం పెట్టు" అన్నారు. ఇప్పుడు ఆ మాటలు నేనే కొత్తవాళ్ళకు చెబుతుంటాను, నేనే కనిపెట్టినట్టు.


13, శుక్రవారం

చెల్లి ఫోన్ చేసింది. హలో కూడా లేదు.

"అక్కా, పచ్చ డబ్బా ఆపేయమని కాగితం వచ్చింది. కింద నీ సంతకం."

"తాత్కాలికంగానేనే."

"తాత్కాలికంగా కాన్పులు కూడా ఆపమంటావా?"

దాని నోరు నా పోలికే. ఇక మీదట శాంపిల్ మాకు పంపాలట. బండిలో మూడు గంటల దారి. "రక్తం మూడు గంటలు ఆగుతుందా అక్కా?" అంది.

"తప్పు చెప్పే కిట్టు కన్నా అసలు లేకపోవడం నయం" అన్నాను.

"మాకెప్పుడూ తప్పు చెప్పలేదు అది."

ఫోన్ పెట్టేశాక ఆయన "ముఖం అలా ఉందేం?" అన్నాడు. పుట్టుకతోనే ఇంతే అన్నాను.


14, శనివారం

సెలవు. బట్టలు మడతపెట్టాను. మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెట్టాను. తర్వాత ఈ పుస్తకంలో నాలుగో తేదీ పేజీ తిరగేశాను.

"ప్లాస్మా సంచులు కరగడానికి పెట్టి వచ్చాను" అని ఉంది. ఎక్కడ పెట్టానో లేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా రాయలేదు నేను.

సరే, ఇప్పుడు రాస్తున్నాను. ఫ్రిజ్‌లో పెట్టాను. నాలుగు డిగ్రీల్లో.

ముప్ఫై ఏడు డిగ్రీల వేడినీళ్ళలో కరిగించాలి. ఆ రోజు వాటర్ బాత్ నీళ్ళు మురికిగా ఉన్నాయి. మార్చి వేడెక్కనివ్వాలంటే గంట పడుతుంది. ఆ తర్వాత ఒక్కో సంచీ దగ్గరా నిలబడాలి. నాకేమో ఇంటర్వ్యూకి చదువుకోవాలి. ఫ్రిజ్‌లో పడేస్తే తెల్లారేసరికి అవే కరుగుతాయి కదా అనుకున్నాను. కరిగాయి. కానీ చలిలో మెల్లగా కరిగిన ప్లాస్మాలో ఈ ప్రోటీన్ కలవదు. తరకలు కట్టి అడుక్కి దిగుతుంది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారంలో నేను చెప్పే పాఠం ఇదే.

పొద్దున జాడీలో విరిగిన పాలలా తరకలు తేలుతున్నాయి. చూడలేదని రాయబోయాను. చూశాను. జాడీని వేడినీళ్ళలో పావుగంట ఉంచితే కరిగిపోయేవి. ఉంచలేదు. ఒకసారి ఊపి, గది వేడిగా ఉందని దాన్ని మంచులో నిలబెట్టి నింపడం మొదలుపెట్టాను. పైపైనుంచి పీలుస్తూ ముందు ఎర్ర స్టాండు, తర్వాత నీలం, తర్వాత తెల్ల. అడుగున చిక్కగా మిగిలింది పచ్చ స్టాండుకు. అసలు అలా వరసగా నింపనేకూడదు. ఎర్రకొకటి, నీలానికొకటి, తెల్లకొకటి, పచ్చకొకటి పంచుతూ పోవాలి. అదీ నేను చెప్పే పాఠమే. కానీ అలా చేస్తే గంటన్నర. నా దగ్గర ఉన్నది నలభై నిమిషాలు.

పరీక్ష రోజున సీసాలు వెచ్చబెట్టగానే ఆ తరకలు ఇట్టే కరిగిపోయి ఉంటాయి. ఆనవాలు మిగలదు.

అయినా ఇదంతా ఊహ. మాస్టారి కిట్టు నిజంగానే తప్పయి ఉండొచ్చు. తేల్చుకోవడం సులువే. మిగులు సీసాలు స్టాండుకు ఐదు ఉన్నాయి. ఎర్ర స్టాండు సీసాను పచ్చ కిట్టుతో పరీక్షిస్తే చాలు. కిట్టుది తప్పయితే మళ్ళీ అంత ఎక్కువే చూపిస్తుంది. నాది తప్పయితే నూట డెబ్బై దగ్గరికి దిగుతుంది. అరగంట పని. సోమవారం చేస్తాను.


16, సోమవారం

పోస్టు నాకే వచ్చింది! విభాగం అధిపతి!

కళ్ళజోడు అందరికీ టీ తెప్పించాడు. పెద్ద మేడమ్ చెయ్యి కలిపి "ఈ కిట్ల పని చూశాక ఎవరూ ఇంకో పేరు చెప్పలేదు" అంది. కుర్చీకి ఒక చక్రం కీచుమంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ కీచు బయటినుంచి విన్నాను. ఇవాళ కావాలనే రెండుసార్లు జరిగాను.

ఇంటికి రాగానే ఆయన లేచి నిలబడి "అధిపతిగారూ" అన్నాడు. చాలా రోజులకు బాగా నవ్వాను.

పని ఒత్తిడి. పరీక్ష చెయ్యలేదు.


17, మంగళవారం

అందరూ భోజనానికి వెళ్ళిన వేళ చేశాను.

ఎర్ర స్టాండు సీసా, పచ్చ కిట్టు: 169.

కళ్ళు మూసుకుని తెరిచి మళ్ళీ చూశాను. తర్వాత పచ్చ స్టాండు సీసా తీసి ఎర్ర కిట్టుకు ఇచ్చాను: 229.

కిట్లు రెండూ నిజమే చెప్పాయి. సీసాలు అబద్ధం. సీసాలు నావి.

దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని బల్ల తుడిచాను. వాడిన సీసాలు చెత్తలో వేసి పైన చేతి తొడుగులు కప్పాను. రిజిస్టర్‌లో రాయలేదు. నేను చేసిన పరీక్షల్లో రిజిస్టర్‌కెక్కనిది ఇదొక్కటే.

చెప్పాలి. చెబుతాను. కుర్చీ ఎక్కి ఒక్కరోజే అయింది. రేపు చెబుతాను.


18, బుధవారం

పెద్ద మేడమ్ ఊళ్ళో లేదు. ఫోన్ ఉంది. చెయ్యలేదు.


19, గురువారం

మధ్యాహ్నం రెండున్నరకు ఒక శాంపిల్ వచ్చింది. డబ్బా మీద చెల్లి చేతిరాత. రక్తం తీసిన సమయం పదకొండూ ఇరవై. కాన్పయిన మనిషి, రక్తం ఆగడం లేదు, అర్జెంట్ అని రెండు గీతలు.

ఎవరికీ ఇవ్వకుండా నేనే చేశాను. 92.

ఫోన్ చేస్తే చెల్లి ఎత్తింది. "తొంభై రెండే! వెంటనే ఫైబ్రినోజెన్ సంచి ఎక్కించమను" అన్నాను.

"ఇక్కడ లేదక్కా. ఒంటిగంటకే పెద్దాసుపత్రికి పంపేశాం. ఆగలేకపోయాం. అంకె తెలీకుండా ఏం ఎక్కించాలో తెలీక, చేతికందినవన్నీ ఎక్కించి పంపేశాం."

సాయంత్రం ఆరింటికి అదే ఫోన్ చేసింది.

"బతికింది."

"అమ్మయ్య."

"గర్భసంచి తీసేశారు. ఇరవై మూడేళ్ళు. మొదటి కాన్పు. పచ్చ డబ్బా ఉంటే పదకొండున్నరకే తెలిసేది. గంటలో ఆ సంచి తెప్పించేవాళ్ళం. పిల్ల నిండుగా ఇల్లు చేరేది."

కొళాయి తిప్పి ఏడ్చాను. ఆయన తలుపు కొట్టి ఏమయింది అన్నాడు. సబ్బు కళ్ళలో పడింది అన్నాను. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. డబ్బా మీద ఉన్నది పేరు కాదు, నంబరు.

మంగళవారం మధ్యాహ్నమే నోరు తెరిచి ఉంటే బుధవారానికల్లా పచ్చ డబ్బాలు మళ్ళీ అక్కడ బల్ల మీద ఉండేవి.


20, శుక్రవారం

చెప్పేశాను.

పొద్దున ఎనిమిదింటికల్లా వెళ్ళి రిజిస్టర్ తీశాను. 37 మీద ఒక్క గీత కొట్టాను. పక్కన 4 రాసి సంతకం పెట్టి తేదీ వేశాను. కింద 169, 229 రాశాను. అది పట్టుకుని పెద్ద మేడమ్ గదిలోకి వెళ్ళాను. కూర్చోమంది. నిలబడే చెప్పాను. ఫ్రిజ్ సంగతి, తరకల సంగతి, వరసగా నింపిన సంగతి, ఇంటర్వ్యూ తొందర సంగతి. ఒక్కటీ దాచలేదు.

ఆవిడ చాలాసేపు ఆ గీతనే చూసింది.

"ఈ రెండు పరీక్షలూ ఎప్పుడు..." అని ఆవిడ వాక్యం పూర్తి చేసేలోపే నా నోరు దానంతటదే అనేసింది.

"ఇవాళ పొద్దున మేడమ్. అనుమానం వచ్చి, రాగానే చేశాను."

రిజిస్టర్‌లో తేదీ కూడా అదే వేశాను. 20.

"కుర్చీ ఖాళీ చేస్తాను మేడమ్" అన్నాను.

"ఎవరడిగారు నిన్ను? తప్పు అందరూ చేస్తారు. తెలిసిన గంటలో వచ్చి చెప్పినవాళ్ళను ఇన్నేళ్ళలో నేను చూళ్ళేదు. అలాంటివాళ్ళే ఉండాలి ఆ కుర్చీలో. వెళ్ళు. మళ్ళీ మొదటినుంచీ చేద్దాం. ఈసారి నువ్వు ముట్టుకోకు, పక్కన నిలబడి చూడు."

మధ్యాహ్నానికల్లా ఆపమన్న కాగితాన్ని రద్దు చేస్తూ ఇంకో కాగితం వెళ్ళింది. తప్పు మా ల్యాబ్‌దేనని, ఇరవయ్యో తేదీ పొద్దున తెలిసిందని అందులో రాసి ఉంది. దాని కింద కూడా నా సంతకమే.

బరువు దిగింది. దిగింది కదా.


21, శనివారం

మాస్టారికి ఫోన్ చేశాను. నేను సగం చెప్పేసరికే ఆయన అందుకున్నారు.

"ఆ నాలుగంకెలూ చూసినప్పుడే అనుకున్నా అమ్మాయ్. నూట అరవై ఎనిమిది, డెబ్బై ఒకటి, డెబ్బై ఆరు. మెట్లలాగా ఉన్నాయి. కిట్లు మెట్లు కట్టవు, నింపే చెయ్యి కడుతుంది."

"మరి అప్పుడే అడగలేదేం మాస్టారూ?"

"ఫారంలో ముప్ఫై ఏడు అని నీ చేతిరాతలో ఉంది కదా. నా బుర్రను కాదనుకుని నీ చేతిరాతను నమ్మా. మూడు రోజులు మా వాళ్ళు ఆరుగురూ, నేనూ డబ్బాలన్నీ విప్పి తప్పు వెతికాం, లేని తప్పును." నవ్వారు. "పోనీలే. తెలియగానే చెప్పావుగా. నా దగ్గర నేర్చుకున్నదానివి."

ఆ చివరి మాట తీసుకోలేకపోయాను. పప్పు మాడుతోందని చెప్పి పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.


26, గురువారం

రెండోసారి ఫలితాలు. ప్లాస్మా ముప్ఫై ఏడులో కరిగించారు, కలగలిపి నింపారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

ఎర్ర 188, నీలం 184, తెల్ల 190, పచ్చ 187.

కళ్ళజోడుకు ఆనందం ఆగడం లేదు. "మేడం, పాత నాలుగంకెలూ కలిపి నాలుగుతో భాగించండి. నూట ఎనభై ఆరున్నర! ప్రోటీన్ ఎక్కడికీ పోలేదు మేడం. జాడీలోనే ఉంది. పంపకంలోనే తేడా."

నాలుగు కిట్లకూ అనుమతి వచ్చింది. ల్యాబ్‌లో నలుగురైదుగురు నా గదికి వచ్చి మీ ధైర్యం మాకు లేదు అన్నారు. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నేను తల ఊపుతూ కూర్చున్నాను. కుర్చీ కీచుమంటూనే ఉంది.


28, శనివారం

చెల్లి వచ్చింది. చెప్పకుండా వచ్చింది, చేతిలో చిన్న సంచి. వంటింట్లో స్టూలు మీద కూర్చుంది, ఎప్పటిలాగే. టీ పెట్టాను.

"నీ రెండో కాగితం మా గోడకి అంటించారు. మా డాక్టరుగారు నిన్ను ఒకటే మెచ్చుకోవడం. మీ అక్క లాంటివాళ్ళు ఉండబట్టే అంటూ."

"ఊరుకోవే."

టీ ఊదుకుంది. తాగలేదు. "ఒకటడగనా? నీకెప్పుడు తెలిసింది?"

"కాగితంలో ఉందిగా. ఇరవైన."

"కాగితాన్ని కాదు. నిన్ను అడుగుతున్నా."

చిన్నప్పుడు దాని బొమ్మ చెయ్యి విరిచి గాలికి పడింది అన్నాను. అప్పుడూ ఇలాగే అడిగింది, అరవకుండా. ఇరవై అని ఇంకోసారి అంటే అది నమ్మేది. నమ్మకపోయినా ఇంకెప్పుడూ అడిగేది కాదు. దాని స్వభావం నాకు తెలుసు. పొయ్యి కట్టేశాను. గిన్నె కడిగాను. కడిగిందే మళ్ళీ కడిగాను.

"పదిహేడున" అన్నాను.

"ఆ పిల్ల కాన్పు పంతొమ్మిదిన."

"తెలుసు."

నా ముఖం చూడలేదు. గ్లాసు గట్టు మీద పెట్టి సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"వాళ్ళ ఊరికి దగ్గరని ఆ పిల్లను మళ్ళీ మా దగ్గరికే పంపారు. రోజూ అడుగుతోంది, రెండో కాన్పుకి కూడా ఇక్కడికే రానిస్తారా అని. ఇంకా ఎవరూ చెప్పలేదు దానికి. సోమవారం పొద్దున నేను చెప్పాలి."

వెళ్ళిపోయింది. టీ అలాగే ఉంది.


29, ఆదివారం

ఆయనకు అంతా చెప్పాను. టీవీ కట్టేసి విన్నాడు. చివరికి "మరిప్పుడు?" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకని నేనే అన్నాను. "ఆకులు నీకోసం కాదుగా" అన్నాడు. పాతికేళ్ళ కాపురంలో ఆయన గెలిచిన వాదం ఇదొక్కటే.


30, సోమవారం

ఎనిమిదింటికి రిజిస్టర్ తీశాను. 169, 229 పక్కన ఉన్న 20 మీద ఒక్క గీత కొట్టాను. పక్కన 17 రాశాను. సంతకం పెట్టి ఇవాళ్టి తేదీ వేశాను. కింద ఇంకో వాక్యం రాశాను: మూడు రోజులు దాచాను, ఆ మధ్యలో పంతొమ్మిదో తేదీన ఒక శాంపిల్ వచ్చింది. దాని నంబరు రాశాను. రిజిస్టర్‌లో అంకె, తేదీ, సంతకం కాక వాక్యం రాయడం నాకిదే మొదలు.

మాస్టారికి కూడా ఫోన్ చేశాను. విన్నారు. "సరే" అన్నారు. అమ్మాయ్ అనలేదు.

ఇది పెద్ద మేడమ్ గది బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఒళ్ళో రిజిస్టర్ ఉంది. దాని మీద ఈ నోటుబుక్కు. అడిగితే ఇదీ ఇచ్చేస్తాను. గది తాళం, బల్ల సొరుగు తాళం కోటు జేబులో ఉన్నాయి. లోపల ఆవిడ ఎవరితోనో ఫోన్ మాట్లాడుతోంది.

తొమ్మిదీ పది. ఈపాటికి చెల్లి ఆ పిల్ల మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని ఉంటుంది. ఎలా మొదలుపెడుతుందో. నేను మాత్రం తేదీతో మొదలుపెడతాను.

లోపల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది. వెళ్తున్నాను.